చూడకూడని కాళ్ళు

సిడ్నీ,
14 ఫిబ్రవరి 1988

తోకిలుపే అత్తయ్యకు,

మీ అన్న మనాసే కొడుకు హలోతి రాసుకుంటున్నాను. దేవుడి దయ వల్ల ఇక్కడ ఒంట్లో బాగానే ఉంది. అంటే మోకాళ్ళ దాకా బాగానే ఉంది. ఆ కిందదే గొడవ.

మీరు నేసి పంపిన మొగలాకు చాప మంచం మీద పరుచుకున్నాను. హాస్టల్లో అందరూ వచ్చి వాసన చూసి పోతున్నారు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఆదివారం మన చర్చిలో పాటలకి మాత్రం లోటు లేదు, హాపై దీవుల వాళ్ళం ఒక బెంచీ అంతా ఉన్నాం.

అత్తయ్యా, నా పిక్కలు పెరగడం లేదు. నవ్వకండి. రగ్బీలో పిక్కల్లో బలం లేకపోతే తోపులాటలో నిలబడలేను. మా కోచ్ ట్రెవర్ ఎనిమిది నెలలుగా నాచేత ఇదే పని చేయిస్తున్నాడు. భుజాల మీద ఇనుప కడ్డీ పెట్టుకుని, మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమలు పైకెత్తి దించాలి. అది అయ్యాక కూర్చుని, మోకాళ్ళ మీద బరువు పెట్టుకుని మళ్ళీ అదే. తొడలు లావెక్కాయి. మెడ లావెక్కి చర్చి చొక్కా బొత్తాం పట్టడం లేదు. పిక్కలు మాత్రం వచ్చినప్పటికన్నా సన్నబడ్డాయేమో అనిపిస్తోంది. ఎడమది మరీను.

మన వాళ్ళ సంగతి మీకు తెలుసుగా, టోంగా మనిషంటే ముందు పిక్కలే చూస్తారు. జట్టులో వావావు దీవి కుర్రాడొకడు ఉన్నాడు. "ఒరేయ్ హలోతి, పడవ ఎక్కేటప్పుడు పొరపాటున కొంగ కాళ్ళు వేసుకొచ్చేశావురా. పాపం ఆ కొంగ అక్కడ నీ కాళ్ళు ఈడ్చుకుంటూ ఎలా తిరుగుతోందో" అంటాడు. నేనూ నవ్వుతాను. ట్రెవర్ నవ్వడు. నేను చాటుగా ఎగ్గొడుతున్నానని ఆయన అనుమానం. ఆగస్టులో పెద్ద జట్టుకి ఎంపిక. అందులో పేరు లేకపోతే హాస్టలు ఖాళీ చెయ్యాలి, ఈ దేశంలో నా ఆటకి అదే ఆఖరు.

క్లబ్బు డాక్టరమ్మ చూసి ఒక మాట అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా కాళ్ళు సన్నగా ఉండేవా, మీ నాన్నకి?" అని. అమ్మ కాళ్ళు నాకు తెలుసు, దిట్టంగా ఉండేవి. నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నాకు గుర్తున్నవి పొడుగు ప్యాంటు, నల్ల బూట్లు. అంతే.

మన ఆచారం ప్రకారం పెద్దయ్యాక మీరిద్దరూ ఒక కప్పు కింద పడుకోలేదని, ఆయన ఉన్న గదిలోకి మీరు అడుగు పెట్టలేదని నాకు తెలుసు. అన్న కాళ్ళ గురించి చెల్లెల్ని అడగడం ఎంత తప్పో కూడా తెలుసు. అమ్మ కూడా పోయింది కదా. మీరు తప్ప అడగడానికి నాకు ఇంకెవరూ మిగల్లేదు. క్షమించండి.

మీ హలోతి


ఫోఆ, హాపై దీవులు,
9 మార్చి 1988

హలోతికి మీ మేనత్త దీవెనలు. దీవెనలు ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేవి తిట్లు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పొయ్యి మీద చాపలకని మొగలాకులు ఉడుకుతున్నాయి. చుట్టూ ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి. చదువుతుంటే నా మొహం ఎలా అయిపోయిందో ఏమో, "ఏం రాశాడమ్మా?" అని అందరూ ఒకటే అడగడం. "ఎండలు మండిపోతున్నాయట" అన్నాను. ఇంకేం చెప్పను? ఈ తోకిలుపేని వాళ్ళ అన్న కాళ్ళ గురించి అడిగారని చెప్పనా? తల కొట్టేసినట్టయింది నాకు.

ఆ డాక్టరమ్మకి అన్నదమ్ములు లేరా? నాకు పదేళ్ళు వచ్చిన దగ్గర్నుంచి మా అన్న ఇంట్లోకి వస్తే నేను వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన మాట్లాడితే నేల చూసేదాన్ని. ఆయన ఎదుట ఎవరైనా పిచ్చి హాస్యం ఆడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. నువ్వేమో కాళ్ళెలా ఉండేవి అంటావు.

అడిగావు కాబట్టి విను. మా అన్న కాళ్ళు సీమపనస మానుల్లాంటివి. రాసుకో, రాసుకుని ఆవిడకి చదివి వినిపించు. మనాసే మాస్టారు బడికి నడిచి వెళ్తుంటే దారిలో జనం పక్కకి తప్పుకునేవారు. ప్రతి అడుగూ మోకాలు పైకెత్తి, సముద్రంలో నీళ్ళకడ్డంగా నడిచినట్టు, నిదానంగా వేసేవాడు. ఆయన పరుగెత్తడం ఈ దీవిలో ఎవరూ చూడలేదు. ఒకసారి బడిపిల్లలు వెనకాల ఆ నడకని వెక్కిరిస్తుంటే ఒకడి చెవి పట్టుకుని మెలిపెట్టాను. పడవ నీళ్ళలోకి నెట్టేటప్పుడు కూడా బూట్లు విప్పేవాడు కాదు. మర్యాదస్తుడంటే అలా ఉండాలి.

అలాంటి మనిషి కొడుక్కి పిక్కలు లేకపోవడమేమిటి? బరువు తక్కువ పెడుతున్నావు, అదీ సంగతి. ఇంకా పెట్టు. మీ కోచ్ మాట నీకు ఎక్కకపోతే మేనత్త మాటగా చెయ్యి.

అంతకీ పెరగకపోతే తప్పు నీ దగ్గర లేదు, ఇక్కడుంది. మా అన్న సమాధి పక్కనున్న సరుగుడు చెట్టు ఈమధ్య బాగా పెరిగింది. దాని వేరు ఆయన కాలి ఎముకని పట్టిందంటే ఆ బాధ కొడుకు కాలికి తగులుతుంది. ఫెయావోని అడుగుతాను. సమాధుల పని తరతరాలుగా వాళ్ళ ఇంటివాళ్ళదే కదా.

మన నల్ల పంది తొమ్మిది పిల్లల్ని పెట్టింది. పాస్టరుగారు ఇటువైపు తెగ తిరుగుతున్నారు.

తోకిలుపే


సిడ్నీ,
10 ఏప్రిల్ 1988

అత్తయ్యకు,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. మీరు ఇచ్చిన జవాబు డాక్టరమ్మకి చెప్పాను. "మీ నాన్న కాళ్ళు బాగుండేవన్నమాట" అని ఆ సంగతి కొట్టేసింది. నడక గురించి చెప్పలేదు, ఆవిడకి మన మర్యాదలు ఏం అర్థమవుతాయి?

ఆవిడ కొట్టేసిందని తెలిసి ట్రెవర్ నన్ను పక్కకి పిలిచాడు. "జబ్బు లేదు, వారసత్వం లేదు. ఇక మిగిలింది బద్ధకం ఒక్కటే" అన్నాడు. అందరూ వింటున్నారు. ఇంట్లో మీరూ అదే అన్నారు కాబట్టి తల వంచుకుని మళ్ళీ కడ్డీ ఎత్తుకున్నాను. ఇప్పుడు పొద్దునా సాయంత్రం రెండు పూటలా పిక్కలకే చేస్తున్నాను. ట్రెవర్ చెప్పినదాని మీద ఇంకో ఇనుప చక్రం ఎక్కిస్తున్నాను, అది మీ మాటకి. పని అయ్యాక పిక్కలు గట్టిపడతాయని మిగతావాళ్ళంటారు. నావి మొద్దుబారిపోతాయి. మెట్లెక్కుతుంటే వేళ్ళు మెట్టు అంచుకి తట్టుకుంటున్నాయి. అరికాలు విల్లులా పైకి లేచి బూటు బిగుసుకుపోతోంది. ఇవన్నీ శ్రమ వల్లే అయ్యుంటాయి. దిగులు పడకండి.

మన చర్చివాళ్ళెవరైనా నా గురించి ఏదైనా రాస్తే మాత్రం పట్టించుకోవద్దు.

పందిపిల్లలన్నీ బతికాయా?

మీ హలోతి


ఫోఆ,
2 మే 1988

హలోతికి,

పట్టించుకోవద్దని రాశావు. నీ ఉత్తరం వచ్చిన పడవలోనే లోసలినే ఉత్తరం కూడా వచ్చింది. నాతో కలిసి బడికెళ్ళిన లోసలినే, మీ చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి. అబద్ధమాడే మనిషి కాదు. ఈస్టరు ఆదివారం, చేతిలో బైబిలు, మెడకి టై, నువ్వు చర్చి మెట్ల మీద తూలి బోర్లా పడ్డావట. లేచి రెండడుగులు వేసి మళ్ళీ తూలావట. "పిల్లాడు తాగుడికి దిగాడమ్మా, నువ్వు తప్ప ఎవరు చెప్తే వింటాడు" అని రాసింది.

ఆరేళ్ళప్పుడు తండ్రి పోయినవాణ్ణి, మీ అమ్మకి చేదోడుగా నేనూ పెంచాను. నీ స్కూలు బట్టలు నేను ఉతికాను. ఈస్టరు నాడు నువ్వు నాకు చేసింది ఇదా? పిక్కలెందుకు పెరగవో ఇప్పుడు తెలిసింది. పొద్దున కష్టపడేదంతా సాయంత్రం సీసాలో పోతోంది. ఆ తల్లిలేని పిల్లాడు అక్కడ ఒంటరిగా ఉన్నాడని రోజూ ప్రార్థనలో ఏడ్చేదాన్ని, పిచ్చిదాన్ని.

తాగుడు మానెయ్యి. సాధన మానకు. ఇది మేనత్త ఆజ్ఞ.

అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. మా అన్న కడుపున పుట్టినవాడు అలా చెయ్యడు. వేరు అనుమానమే నిజం కావచ్చు. ఫెయావోతో మాట్లాడాను, పాస్టరుగారితోనూ మాట్లాడాను. జూన్ మొదటి వారంలో సమాధి తెరుస్తాం. వేరు తీసేసి, ఎముకలకి కొబ్బరినూనె రాసి, మళ్ళీ పడుకోబెడతాం. నీ కాళ్ళు నీకొస్తాయి.

తోకిలుపే


సిడ్నీ,
29 మే 1988

అత్తయ్యకు,

నేను తాగలేదు. ఎప్పుడూ తాగలేదు. కాలివేలు మెట్టుకి తగిలి పడ్డాను. లేచాక మడమ నిలవలేదు. చూసినవాళ్ళు నవ్వారు. లోసలినేగారు నా దగ్గరికి వచ్చి నోటి దగ్గర వాసన చూసి ఉంటే ఆ ఉత్తరం రాసేవారు కాదు.

ట్రెవర్ బద్ధకమన్నాడు. మీరు తాగుడన్నారు. ఇంతకన్నా నేనేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. వచ్చే శనివారం అందరూ చూస్తుండగా జట్టులో ఎవరూ ఎత్తనంత బరువు ఎత్తి చూపిస్తాను. అప్పుడు ఎవరేమంటారో చూస్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. నాన్నని తవ్వకండి. నా కాళ్ళ కోసం ఆయన్ని లేపొద్దు. ఆయన నిద్ర ఆయన్ని పోనివ్వండి.

హలోతి


ఫోఆ,
6 జూన్ 1988

నా తండ్రీ హలోతీ,

ఈ ఉత్తరం చేరేలోపు నీ దగ్గర్నుంచి ఏ ఉత్తరం వస్తుందో నాకు తెలియదు. నువ్వేం చేస్తున్నా ముందు ఆ బరువులు కింద పెట్టు. కింద పెట్టి చదువు.

శుక్రవారం తెల్లవారుతుండగా ఫెయావో, వాళ్ళ ఇంటి మగవాళ్ళు ఇద్దరు వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సమాధి మీది తెల్ల ఇసుక తీసి పక్కన పోశారు. నేను కొబ్బరినూనె సీసా పట్టుకుని, వాళ్ళకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. చెల్లెల్ని కాబట్టి చూడకూడదు.

చాలాసేపు తవ్విన చప్పుడు వినపడింది, తర్వాత ఆగిపోయింది. "వేరు దొరికిందా?" అని అడిగాను. ఫెయావో పార పక్కన పెట్టిన చప్పుడైంది. మళ్ళీ అడిగాను. "వేరు లేదమ్మా. ఎక్కడా లేదు. ఇనుముంది" అన్నాడు.

"ఇనుమేమిటి?"

"కాళ్ళకి. నువ్వు చూడకూడదు గానీ, నోటితో చెప్పడం నా వల్ల కావడం లేదు."

తిరిగాను. యాభై ఏళ్ళుగా పక్కకి తిప్పుకుంటూ వచ్చిన మొహాన్ని ఆయన కాళ్ళ వైపు తిప్పాను.

బూట్ల అడుగు నుంచి మోకాలి కింద దాకా, ఒక్కో కాలికి రెండేసి ఇనుప పట్టీలు. తుప్పు పట్టి ఉన్నాయి. కట్టుకోవడానికి తోలు పట్టీలు, సగం పోయాయి. మిగిలిన బూటు తోలు లోపల చెట్టు బెరడుతో చేసిన గుడ్డ మడతలు మడతలుగా కుక్కి ఉంది, ఖాళీ నింపడానికి. ఎముకలు తొడ దగ్గర మనిషివి. మోకాలి కింద చిన్న పిల్లాడివిలా సన్నం. పాదం ఎముకలు నువ్వు రాసినట్టే, విల్లులా వంగి ఉన్నాయి. ఆయన పోయినప్పుడు మీ అమ్మ ఎవరినీ గదిలోకి రానివ్వకుండా తనే బట్టలు తొడిగింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

హలోతీ, మా అన్న మర్యాద కోసం అలా నడవలేదురా. మోకాలు పైకెత్తకపోతే పాదం వేలాడిపోయి, వేళ్ళు నేలకి తగిలి పడిపోతాడు. అందుకని అలా నడిచాడు. పడవ నెట్టేటప్పుడు బూట్లు విప్పకపోవడం గొప్పకి కాదు, విప్పితే నిలబడలేడు. ఆ ఇనుము రోజూ పొద్దున బిగించుకుని, రెండు ఊళ్ళ అవతల బడికి నడిచి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చాడు. ఒరుసుకుని పుళ్ళు పడి ఉంటాయి. ఒక్కరోజు నేను "అన్నయ్యా, నొప్పిగా ఉందా" అని అడగలేదు. అడగకూడదని పెరిగాను. ఆయనా చెప్పకూడదని పెరిగాడు. మా ఇద్దరి మర్యాదా కలిసి ఆయన్ని నొప్పితో ఒంటరిగా వదిలేసింది.

ఇసుకలో కూర్చుని ఏడ్చాను. నా చావుకని దాచుకున్న సన్నచాప ఉంది, ఏడేళ్ళు నేసినది. ఇంటికి వెళ్ళి తెచ్చాను. నూనె నేనే రాశాను. ఆ చాప ఆయన కాళ్ళకి నేనే చుట్టాను. పాస్టరుగారు చూస్తూ ఊరుకున్నారు.

సీమపనస మానులు అని రాశానే, నేను చూసి రాయలేదు. చెల్లెలు అన్న గురించి అలాగే చెప్పాలి కాబట్టి రాశాను. ఆ డాక్టరమ్మ కొట్టేసినదాన్ని మళ్ళీ రాసుకోమను. ఈ ఉత్తరం పట్టుకెళ్ళి చదివి వినిపించు, అక్షరం వదలకుండా. నడక సంగతి కూడా చెప్పు. ఇంకెవరికి సిగ్గయినా నాకు సిగ్గు లేదు.

నువ్వు తాగలేదు. నాకు తెలుసు ఇప్పుడు.

బరువులు దించు. ఇదివరకు ఇచ్చిన ఆజ్ఞ రద్దు. ఇదే నా ఆజ్ఞ.

నీ మేనత్త


సిడ్నీ,
14 ఆగస్టు 1988

అత్తయ్యకు,

మీ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద అందుకున్నాను. జూన్ నాలుగో తారీఖు, శనివారం, చెప్పినట్టే బరువు ఎత్తాను. మడమలు పైకెత్తాను, అందరూ చప్పట్లు కొట్టారు. దించేటప్పుడు ఎడమ మడమ పక్కకి మడత పడిపోయింది. పిక్కని మడమకి పట్టి ఉంచే స్నాయువు తాడు తెగినట్టు తెగింది. ఆ చప్పుడు గది అంతా విన్నది. ట్రెవర్ పరుగెత్తుకొచ్చి నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మూడుసార్లు ఆసుపత్రికి వచ్చాడు. ద్రాక్షపళ్ళు పెట్టి వెళ్ళిపోయేవాడు.

డాక్టరమ్మకి మీ ఉత్తరం అక్షరం వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. నడక దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపి, బయటికి వెళ్ళి ఒక పెద్ద డాక్టర్ని వెంటపెట్టుకొచ్చింది. ఆయన మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నాడు. నా కాళ్ళకి సూదులు గుచ్చి కరెంటు పెట్టి చూశారు. జబ్బుకి పొడుగాటి పేరుంది. కండలో లోపం కాదట. కండకి మాట మోసుకెళ్ళే నరాలు చివర్నుంచి నెమ్మదిగా ఎండిపోతాయట. నాకు నాన్న నుంచి వచ్చిందట. మందు లేదు. అంత బరువులు మోయించకుండా ఉండాల్సింది అన్నాడు. ప్రాణానికి భయం లేదు, కానీ పోయిన పిక్క తిరిగి రాదు.

ఎంపిక అయిపోయింది. నా పేరు లేదు. ఆ రోజు వావావు కుర్రాడు నా గదికి వచ్చి, "కొంగ అన్నందుకు కొట్టరా" అన్నాడు. కొట్టలేదు.

మీ మాట వల్ల జరిగిందని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. అనుకోకండి. బద్ధకస్తుణ్ణి కాదని నిరూపించుకోవాలన్న పంతం నాది. ఇప్పుడు పొద్దున్నే కుర్చీ వీపు పట్టుకుని, బరువేమీ లేకుండా, కుడి మడమ ఒక్కటే ఎత్తి దించుతున్నాను. ఉన్నది నిలబెట్టుకోవడానికి. ఎడమది మానాక దానికీ అంతే.

మొన్న ఆదివారం మొదటిసారి కర్ర లేకుండా చర్చికి వెళ్ళాను. పడకుండా ఉండాలని మోకాలెత్తి మెల్లగా అడుగు వేస్తున్నాను. వెనకనుంచి ఎవరో గట్టిగా పిలిచారు, "మనాసే మాస్టారూ" అని. తిరిగి చూస్తే తెల్లజుట్టు ముసలాయన. కొడుకుని చూడ్డానికి ఫోఆ నుంచి వచ్చాడట. నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. "క్షమించు నాయనా, ఆ నడక చూసి పొరబడ్డాను" అన్నాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. లోసలినేగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఈసారి తాగాననుకోలేదు.

అక్టోబరులో వచ్చేస్తున్నాను. కానీ రేవులో పడవ దిగి జనం ఎదుట అలా నడవాలంటే కాళ్ళు రావడం లేదు. ఇక్కడ ఒక దుకాణంలో నాన్నవిలాంటి నల్ల బూట్లు చూశాను. పొడుగు ప్యాంటు కుట్టించుకున్నాను. వాటితో ఎవరికీ తెలియదు.

మీ హలోతి


ఫోఆ,
5 సెప్టెంబరు 1988

హలోతికి,

నువ్వు వచ్చే పడవ ఏ రోజుదో రాయి. పెండలం దుంపలు తవ్వించి పెడతాను. పందిపిల్లల్లో ఒకటి విందుకని నీ పేరు మీద ఉంది, దాన్ని చూస్తే నాకు జాలి.

ఆ బూట్లు కొనకు. కొని ఉంటే అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రా. పొడుగు ప్యాంటు కూడా వద్దు. మోకాళ్ళ దాకా ఉండే నిక్కరు వేసుకుని దిగు. జనం చూస్తారు. చూడనీ. బడిపిల్లలు వెనకాల నడిచి వెక్కిరిస్తే, ఈసారి చెవి మెలిపెట్టను. కూర్చోబెట్టి ఎందుకలా నడుస్తావో చెప్తాను, మనాసే మాస్టారు ఎందుకలా నడిచారో కూడా చెప్తాను.

అన్న కాళ్ళు చెల్లెలు చూడకూడదు. అన్న కొడుకు కాళ్ళు మేనత్త చూడకూడదని మాత్రం నాకెవరూ చెప్పలేదు. రేవులో అందరికన్నా ముందు నిలబడి ఉంటాను. నీ మొహం తర్వాత చూస్తాను.

తోకిలుపే